అసుమానే మామ కూత

మాలో ఆస్తి తండ్రి నుంచి రాదు, మేనమామ నుంచి వస్తుంది. అసుమానే మామ దగ్గర నాకు రావలసినవి రెండే: ఒక గొడ్డలి, ఒక కూత. గొడ్డలి పట్నంలోనైనా పనికొస్తుంది. ఆ కూతతో ఏం చేసుకోవాలో నాకు తెలిసేది కాదు.

నాలుక ఆడిస్తూ 'బ్ర్‌ర్‌ర్' అని, చివర 'హ్మ్' అని ముక్కుతో ముగించాలి. అది విని సేగో అనే బూడిదరంగు పిట్ట వస్తుంది. చెట్టు నుంచి చెట్టుకి ఎగురుతూ తేనెపట్టు దాకా తీసుకెళ్తుంది. తేనె మనిషిది, మైనం పిట్టది. ఈ నియాసా అడవిలో మా యావో తెగవాళ్ళకీ దానికీ ఉన్న ఒప్పందం అది. మామకి ఆయన మేనమామ నేర్పాడు, ఆయనకి ఆయన మేనమామ. ఒకప్పుడు మామ తేనె తేనిదే ఊళ్ళో పెళ్ళి జరిగేది కాదు. తర్వాత అంగట్లోకి పంచదార వచ్చింది. కుర్రాళ్ళు అడవికి పోవడం మానేశారు. నేనూ మానేశాను. బడివాళ్ళు పారేసిన పాత పుస్తకాలు చదువుకుంటూ, ఊరందరి మీదా పళ్ళు నూరుకుంటూ కూర్చునేవాణ్ణి.

నిరుడు ఎండాకాలం బొగ్గుల షావుకారు లారీ వేసుకుని వచ్చాడు. వాగు పక్క అడవి మొత్తం కొట్టి బట్టీ పెడతానన్నాడు. నాకు చదవడం వచ్చని తెలిసి, పట్నంలో తన గోదాములో పని ఇస్తానన్నాడు. ఊరంతా సరేనంది. నేను అందరికంటే ముందన్నాను.

పంచాయితీలో అడ్డుపడింది మామ ఒక్కడే. ఆ వాగు పక్క ఇంకా సేగో ఉందన్నాడు. అందరూ నవ్వారు. పిట్ట కూడా పంచదార చాయ్ మరిగుంటుంది మామా, అన్నాడొకడు. ఊరి పెద్ద ఛిసోంగా మాత్రం నవ్వలేదు. ఆయన పెళ్ళినాటి తేనె మామ తెచ్చిందే.

"ఆ పిట్ట బతికుంటే రేపు పొద్దు వాలేలోగా దాని తేనె తెచ్చి నా ముందు పెట్టు, అసుమానే. తేలేకపోతే ఎల్లుండి లారీ దిగుతుంది."

వాళ్ళకి తెలియనిది నాకు తెలుసు. వానల్లో వచ్చిన పక్షవాతం మామ నోటిని ఒక పక్కకి లాగేసింది. మాట వస్తుంది, కూత రాదు.

తెల్లారి ఆయన వెంట వెళ్ళాను, ఓడిపోతుంటే చూద్దామనే. వాగు దాటాక మామ ఆగి నోరు తెరిచాడు. గాలీ ఉమ్మీ తప్ప ఏం రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. అరచేత్తో మూతి తుడుచుకుని నా వంక చూడకుండా కూర్చున్నాడు.

"నువ్వు పిలు, అల్లుడా."

"పిలిస్తే నాకేం వస్తుంది?"

"ఏం రాదు. పిలవకపోతే లారీ ఎక్కుతావు."

రెండోసారి అడగలేదు. గొడ్డలి పిడి నిమురుకుంటూ కూర్చున్నాడు. ఆ నిదానం నాకు ఒళ్ళు మండించింది. అడవిలో ఏమీ మిగల్లేదని ఆయనకి చూపించడానికే పిలిచాను. చిన్నప్పుడు నేర్చిన కూత, గొంతులో తుప్పు పట్టి గీరుకుంటూ వచ్చింది.

నడుస్తూ పిలుస్తూ పోయాం. ఎండ నడినెత్తికొచ్చే వేళ తలపైన అగ్గిపెట్టె ఆడించినట్టు గలగలమంది. సేగో. తోక విప్పింది, అంచున తెల్లటి ఈకలు మెరిశాయి. నేను ఒకడుగు వేస్తే అది ఒక చెట్టు ముందుకెళ్ళింది. నేను ఆగితే వెనక్కొచ్చి తిట్టింది.

ఈ పిట్ట గుడ్డు వేరే పిట్ట గూట్లో పిల్లవుతుందని ఎక్కడో చదివాను. తల్లి ముఖం ఎరగదు. దానికి నేర్పే మేనమామ లేడు. అలాంటిది నా బొంగురు గొంతు విని, ఈ మనిషితో నాకు పని ఉందనుకుని వచ్చింది. ఎన్ని వందల ఏళ్ళుగా మావాళ్ళు ఇలా పిలిస్తే ఈ అడవిలో అది మిగిలిందో! వెనక మామ కర్ర చప్పుడు దగ్గరికొస్తుంటే మళ్ళీ కూత వేసి పిట్ట వెనకే నడిచాను.

పిట్ట ఆగిన చెట్టు మొదట్లో కొట్టడానికి షావుకారు పెట్టించిన ఎర్ర రంగు గుర్తు ఉంది. పచ్చి ఆకుల కట్టకి నిప్పంటించి పొగ పెట్టాను, తొర్ర కొట్టాను. దొరికింది తక్కువే, నాలుగు పట్లు. మామ అన్నిటికంటే నిండుగా ఉన్నదాన్ని తీసి పిట్ట కోసం ఆకుల మీద పరిచాడు.

"అది కూడా పట్టుకెళ్దాం మామా. పెద్దకి చూపించాలిగా."

"పెద్దకి తక్కువైతే నోరు తెరిచి అడుగుతాడు. ఇదైతే వచ్చినప్పటి నుంచీ అడుగుతూనే ఉంది."

పొద్దు వాలేలోగా మూడు పట్లు ఛిసోంగా ముందు పెట్టాం. వేలితో అద్దుకుని నాలుకకి రాసుకున్నాడు. తర్వాత లారీ రావద్దని షావుకారుకి కబురు పంపాడు. షావుకారుకి పోయిందేమీ లేదు. నది అవతలి ఊరు ఒప్పుకుంది. లారీ అటు వెళ్ళింది, నేను లేకుండా.

వారం తిరక్కుండానే అటు నుంచి గొడ్డళ్ళ చప్పుడు మొదలైంది. ఒక పొద్దున సంగటి తింటుంటే మా పెరటి చివర గలగలమంది. ఒకటి కాదు, రెండు సేగోలు. నది వైపు నుంచి వచ్చాయి.

మామ కూత కోసం వంకర మూతి కదిలించాడు. రాలేదు. మోచేత్తో నన్ను పొడిచాడు.

"పిలుస్తున్నాయి. జవాబు చెప్పరా."

చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టి లేచాను.