శుభ్రం చేయొద్దని ప్రార్థన

ముప్పయ్యేళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. ఎవరు తప్పు చెప్పినా దిద్దకుండా ఉండలేని జబ్బొకటి మిగిలింది. మా ఆయనకు ఎముక మజ్జలో క్యాన్సరని తేలాక మెట్టుగూడలోని మా ఇంటికి పరామర్శకొచ్చిన వాళ్లంతా డాక్టర్లైపోయారు. ఒకరు బీట్‌రూట్ రసమన్నారు, ఇంకొకరు గోధుమగడ్డి అన్నారు. ఇంతమంది నిపుణులుండగా ఆసుపత్రులెందుకు కట్టారో నాకర్థం కాలేదు. మా ఆశంతా మాత్రం వారంవారం పొట్టమీద వేసే ఇంజెక్షన్ మీదే.

ఓ శనివారం సాయంత్రం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టారు. బోయిగూడ నుంచి వచ్చిన సంఘపెద్ద కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. "ప్రభువా, నీ దాసుని ప్రతి కణమును శుభ్రపరచుము. ఏ మలినమును లోపల ఉండనియ్యకుము."

"అలా అడక్కండి," అన్నాను.

అందరి కళ్లూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

"ఏందమ్మా, నేనేం తప్పు మాట్లాడిన?"

చెప్పాను. కణం తనలో పాడైన ప్రోటీన్లకు ఒక గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తున్నవాటిని ప్రోటియాసోమ్ అనే బుల్లి పీపా లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. ఈ క్యాన్సర్ కణాలు ప్రోటీన్లు విపరీతంగా తయారుచేస్తాయి కాబట్టి వాటికి చెత్త ఎక్కువ. ఇంజెక్షన్ ఆ పీపాను మూసేస్తే చెత్త పేరుకుని అవి చస్తాయి.

"మీరేమో శుభ్రం చెయ్యమంటున్నారు. దేవుడు మీ మాట వింటే మా మందు దండగ."

నా విద్యార్థులెవరూ ఇంత శ్రద్ధగా పాఠం వినలేదు. పెద్దాయన మళ్లీ కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, ఇంతకుముందు అడిగింది వద్దు. ఆ పాడు కణాలల్ల చెత్త జెర అట్లనే ఉండనియ్యి."

అందరూ ఆమెన్ అన్నారు. నూటికి నూరు వేసినంత గర్వంగా నేనూ అన్నాను.

టీ తాగి అందరూ వెళ్లాక మా ఆయన చొక్కా మార్చుకుంటూ అడిగారు. "మంచి కణాల్లో కూడా ఆ పీపా మూసుకుంటుంది కదా?"

"మూసుకుంటుంది. వాటికి చెత్త తక్కువ కదండీ, తట్టుకుంటాయి."

"అన్నీనా?"

నరాలకు ఆ మందు పడకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు. నెలరోజులుగా ఆయన వేళ్లకు స్పర్శ తగ్గుతోంది. గుండీ పట్టుకోబోయారు, జారిపోయింది. మళ్లీ పట్టుకోబోయారు. నాకు భయమేసింది. దగ్గరికెళ్లి గుండీలన్నీ నేనే పెట్టాను. ఆయన నా వేళ్లు పట్టుకున్నారు. అవి తెలుస్తున్నాయా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.