జోసెఫ్ ఆటలో ఆగని బండి

జోసెఫ్ కిరండూల్ రైలు లైన్‌లో ట్రాక్‌మన్. వానాకాలంలో పట్టాల వెంట నడుస్తూ ఎక్కడ మట్టి జారిందో, ఎక్కడ రాయి పడిందో చూసి బండ్లను ఆపించడం అతని పని. తాత శ్రీకాకుళం వైపు నుంచి లైను వేసే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. జోసెఫ్ బచేలి రైల్వే క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగాడు. డ్యూటీ దిగాక అతనికి ఒకటే సరదా: పాత లాప్‌టాప్ ముందేసుకుని కంప్యూటర్ ఆటలు తయారుచేయడం.

అదే పిచ్చి ఉన్నవాళ్ళు జగదల్‌పూర్ నుంచి సుక్మా దాకా పదమూడు మంది దొరికారు. అతనితో కలిపి పద్నాలుగు మందికి ఒక వాట్సాప్ గ్రూపు. ప్రతి ఆదివారం ఎవరి ఆట ఎంతవరకు అయితే అంతవరకు అందులో పెడతారు. మిగతావాళ్ళు ఆడి చూసి, బాగున్నదీ బాగోలేనిదీ మొహమాటం లేకుండా చెబుతారు. జోసెఫ్ అందరి ఆటలూ ఓపిగ్గా ఆడేవాడు. తన ఆట మాత్రం ఏడాదిగా ఎవరికీ చూపించలేదు.

మూడేళ్ళ క్రితం ఒక ఉదయం కొండను తొలిచిన మలుపులో పెద్ద రాయి పట్టాల మీద పడింది. పన్నెండు నిమిషాలకు అవతలి వైపు నుంచి ఇనుప ఖనిజం నింపుకున్న బండి వచ్చి దాన్ని గుద్దుకుంది. ఇంజన్‌లో ఉన్న అసిస్టెంటు డ్రైవరు భూషణం ఎడమ పాదం పోయింది. ఆ చప్పుడు వినేసరికి జోసెఫ్ రాయికి ఇంకా అర కిలోమీటరు దూరంలో ఉన్నాడు. విచారణలో వానదే తప్పన్నారు. కానీ అంతకుముందు పాపకు జ్వరమని ఇంటి నుంచి ఫోనొస్తే, అతను పది నిమిషాలు ఒకచోట నిలబడి మాట్లాడాడు. ఆ సంగతి భార్య సంతోషకుమారికి కూడా చెప్పలేదు. భూషణం అదే కాలనీలో కర్రతో నడుస్తూ ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

అతని ఆట ఆ ఉదయం గురించే. దూరాలు, నడక వేగం, బండి బరువు, వాలు, బ్రేకు వేశాక ఎంతదూరం జారుతుందో అన్నీ నిజమైన లెక్కలే పెట్టాడు. దారిలో ఫోను మోగుతుంది. ఆడేవాడు ఆగకుండా నడిస్తే గెలవాలి. జోసెఫ్ మాత్రం ఒక్కసారీ చివరిదాకా ఆడలేదు. మలుపు దగ్గరికి రాగానే లాప్‌టాప్ మూసేసేవాడు.

చివరికి మొన్న ఆగస్టులో ఒక ఆదివారం ధైర్యం చేసి గ్రూపులో పెట్టాడు. మధ్యాహ్నానికి గ్రూపులోని సతీష్, తోంగ్‌పాల్‌లో మొబైల్ రిపేరు చేసేవాడు, ఫోన్ చేశాడు.

"ఏందన్నా, నీ ఆట గెల్వనిస్తలేదేంది? పదకొండు సార్లు ఆడిన."

"ఫోనెత్తుంటావు. ఎత్తకుండా నడువు."

"ఎత్తలే. ఎక్కడా ఆగలే. బండి రాకముందే రాయి కాడికి చేరిన, అది దాటి ఎదురు ఉరికిన, ఎర్రజెండా ఊపిన. డ్రైవరు బ్రేకేస్తున్నడు గానీ బండి ఆగుతలేదు. గ్రూపుల పూనం కూడ అదే రాసింది. నీ లెక్క తప్పిందన్నా, ఓసారి దేఖ్."

జోసెఫ్ లెక్కలన్నీ మళ్ళీ చూశాడు. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు మొదటిసారి తానే చివరిదాకా ఆడాడు. ఫోనెత్తలేదు. రాయి దాటాడు. పరిగెత్తాడు. మలుపు కావడంతో డ్రైవరుకు జెండా కనిపించేసరికి బండికీ రాయికీ మధ్య అర కిలోమీటరే ఉంది. ఆ వాలులో ఆ బండి ఆగాలంటే కిలోమీటరు పైన కావాలి. మళ్ళీ ఆడాడు, మళ్ళీ ఆడాడు. నాలుగోసారికి తెర కనిపించకుండా కళ్ళు నిండిపోయాయి. ఆ పది నిమిషాలు ఆగినా, ఆగకపోయినా ఒకటే.

సంతోషకుమారి కంగారుగా వచ్చింది. ఆమెకు అంతా చెప్పాడు.

"పదండి, భూషణం గారింటికి. ఇది ఆయనకి కూడా సెప్పాల," అంది.

భూషణం వరండాలో కూర్చుని ఉన్నాడు. జోసెఫ్ నిలబడే, తలెత్తకుండా మొత్తం చెప్పేశాడు.

"ఇదేటిరా," అన్నాడు భూషణం. "మూడేళ్ళూ ఇది మోసుకుని తిరిగావేటి? నన్ను సూసి పక్కకెల్పోతుంటే, కుంటోడినని మొకం సాటేస్తన్నావనుకున్నాను."

"కాదన్నా! నీ మొకం సూడ్డానికి నాకే..."

"లోడు బండి బ్రేకు నాకు తెల్దేటి? నువ్వు జెండా ఊపుంటే ఆ పట్టాల మీద నువ్వే పోదువు. పిల్లకి జొరమొస్తే తండ్రి ఫోనెత్తడా? కూకో ముందు. ఏదీ, ఆ ఆట తే."

జోసెఫ్ కూర్చున్నాడు. గుండెల మీంచి బండరాయి దించినట్టు పెద్దగా ఊపిరి వదిలాడు. భూషణం రెండుసార్లు ఆడి, హారన్ అసలు అలా మోగదని విసుక్కుని, ఎలా మోగుతుందో నోటితో ఊది వినిపించాడు. లోపల టీ పెడుతున్న సంతోషకుమారి పకపకా నవ్వింది.

ఇప్పుడు గ్రూపులో పదిహేను మంది. జగదల్‌పూర్ పూనం చేస్తున్న బస్సు ఆట మీద మొన్న ఆదివారం భూషణం పెద్ద ఉత్తరమే రాశాడు: గేదెలు అడ్డొచ్చినప్పుడు ఏ డ్రైవరూ అంత మర్యాదగా ఊరుకోడట.