షుగర్ కోసం మొదలుపెట్టిన ఉపవాసం

డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, షుగర్ ఇంకా రాలేదు గానీ ఇలాగే ఉంటే రావడానికి ఎంతో కాలం పట్టదని చెప్పింది. బరువు తగ్గమంది. నేను బీదర్‌లో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పని చేస్తాను. పొద్దంతా కుర్చీలోనే. మా బడిలో కన్నడ చెప్పే టీచరమ్మ ఈ మధ్య బాగా సన్నబడింది. ఎలాగని అడిగితే, రాత్రి తొందరగా తినేసి మర్నాడు మధ్యాహ్నం దాకా నీళ్లు తప్ప ఏమీ ముట్టడం లేదంది. "తిండి మానేయడం కాదు, వేళ మార్చుకోవడమే" అంది. ఆ మాట నాకు నచ్చింది.

మొదటి రోజుల్లో తల పగిలిపోయేది. పొద్దున్నే మా వారికీ అత్తమ్మకూ చాయ్ పెట్టి, అటుకుల ఉప్మా చేసి, నేను మాత్రం గ్లాసెడు నీళ్లు తాగి బయల్దేరేదాన్ని. మూడో రోజు అత్తమ్మ అడిగింది.

"ఏందమ్మా, ఏం తింటలేవు? తబియత్ బాగలేదా?"

"బాగనే ఉన్న అత్తమ్మా. పొద్దున పూట ఉపాసం ఉంటున్న."

అత్తమ్మ చాయ్ కప్పు కింద పెట్టింది. ఆమె వయసులో ఉన్నప్పుడు ప్రతి శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థనలో కూర్చున్న మనిషి. బీపీ మాత్రలు మొదలయ్యాక డాక్టర్లు మానిపించారు. ఆ రోజుల్లోనే కమలనగర్‌లో ఉన్న మా ఆడబిడ్డకు నెల తప్పింది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇంట్లో ఎవరూ ఆ సంగతి గట్టిగా మాట్లాడేవారు కారు.

"నేను అడగకముందే నీ మనసుల పడ్డది" అంది అత్తమ్మ. కళ్లు తుడుచుకుంది. "నా బిడ్డ కోసం ఉంటున్నవ్."

"కాదత్తమ్మా, నాకు షుగర్ వచ్చేటట్లున్నదని డాక్టరమ్మ..."

ఆమె అప్పటికే లేచి కూతురికి ఫోన్ చేయడానికి లోపలి గదిలోకి వెళ్లింది. ఒంటి కోసం తిండి మానినా, దేవుడి కోసం మానినా మా మాటలో రెంటికీ ఒకే పేరు. ఉపాసం అంటే ఉపాసమే.

ఆదివారం చర్చి అయ్యాక ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. "ఆడబిడ్డ కోసం కోడలు కడుపు మాడ్చుకుంటదా, ఎక్కడన్న చూసినమా?" అని ఒకామె నా చేతులు పట్టుకుంది. నేను చెప్పబోయాను. చుట్టూ అన్ని తడి కళ్ల మధ్య షుగర్ అనే మాట నోట్లోనే ఉండిపోయింది. సాయంత్రం ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినె, నువ్వు ఉంటున్నవని తెలిసినంక నిద్ర పడ్తాంది నాకు" అంది. ఆ తర్వాత ఎవరికైనా చెప్పడం నా వల్ల కాలేదు.

ఎండాకాలం సెలవులకు మా ఆఫీసు ఒంటిపూట అయింది. నేను ఇల్లు చేరి తినడానికి కంచం కడుక్కునే వేళకు సరిగ్గా ఆడవాళ్లు వచ్చేవారు, నాతో కలిసి ప్రార్థన చేయడానికి. చాప పరిచి కూర్చునేవాళ్లం. వంటింట్లో నేనే పొద్దున తాలింపు వేసిన పప్పు వాసన ముందుగదిదాకా వచ్చేది. వాళ్లు నా ఆడబిడ్డ పేరు తలచి ఏడుస్తుంటే నేను కళ్లు మూసుకుని జొన్నరొట్టె గురించి ఆలోచించేదాన్ని. వాళ్లు వెళ్లాక తినబోతే అత్తమ్మ, "ఇంత జల్ది తింటే అదేం ఉపాసం బిడ్డా? సాయంత్రం ప్రార్థన చేసుకొని తిందువు" అనేది. ఎంతో ప్రేమగా అనేది. గద్దిస్తే ఎదురు చెప్పగలిగేదాన్నేమో.

మా వారితో మొరపెట్టుకున్నాను. "నువ్వన్న చెప్పరాదు అత్తమ్మకు?"

"కాన్పు అయ్యేదాకా ఓపిక పట్టు. ఇప్పుడు చెప్తే అమ్మ పరేషాన్ అయితది, చెల్లె ఇంక పరేషాన్ అయితది."

"నీకేం, నువ్వు తింటున్నవ్ గద."

ఆయన కంచం పట్టుకుని వరండాలోకి వెళ్లి తిన్నారు.

ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ తోపుడుబండి దగ్గర అరటిపండు కొన్నాను. తొక్క తీయబోతుంటే ఎదురుగా చర్చి ఆడవాళ్లలో ఒకామె ఆటో దిగింది. పండు సంచిలో పడేశాను. ఇంటికి వచ్చాక చూస్తే టిఫిన్ డబ్బా కింద నలిగి గుజ్జయిపోయింది. నేను పుట్టి పెరిగిన ఊళ్లో ఒక పండు తినడానికి నాకు చాటు దొరకలేదని సంచి కడుగుతూ ఏడ్చాను.

డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాను. బరువు తగ్గింది గానీ బీపీ పడిపోయింది, కడుపులో మంట. "పొద్దంతా మాడమని ఎవరన్నారు? నీకిది పడదు. పొద్దున తిను, రాత్రి భోజనం పొద్దు గూకకముందే ముగించు" అంది. మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఈ చీటీ ఇంట్లో ఎవరికి చూపించాలి?

ఏడో నెలలో ఆడబిడ్డ మా ఇంటికి వచ్చింది. ఒకరోజు ఆమెకు పాలు ఇస్తుంటే నాకు కళ్లు తిరిగి గ్లాసు జారిపోయింది. ఆమె నా మణికట్టు పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది.

"ఏమైంది వదినె? నిజం చెప్పు."

అంతా చెప్పేశాను. డాక్టరమ్మ మాటతో సహా.

"అంటే నా కోసం కాదా?"

"మొదలుపెట్టింది నీ కోసం కాదు. మానకుండా ఉన్నది నీ కోసమే."

ఆమె గోడవైపు తిరిగింది. కోపం వచ్చిందనుకున్నాను. తర్వాత తలుపు దగ్గరికి వేసి, తన పళ్లెంలో ఉన్న రొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. "తిను. అమ్మకు చెప్పకు. ఉపాసం తప్పిందని నాకు మాత్రం జర భయమైతాంది" అంది. ఆ రోజు నుంచి పొద్దున పూట ఆమె గదిలో తలుపు మూసుకుని తినేదాన్ని. బయట అత్తమ్మ చెప్పుల చప్పుడు వినబడితే ముద్ద నోట్లో అలాగే ఆగిపోయేది. ఆకలి తీరింది గానీ అది తిన్నట్టు ఉండేది కాదు.

ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా. చర్చిలో కృతజ్ఞత చెప్పిన రోజు అత్తమ్మ నా మోచెయ్యి పట్టి లేపి నిలబెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని ఆడబిడ్డ తల వంచుకుంది. బయటికి రాగానే ఒక విధవరాలు నా దగ్గరికి వచ్చింది. కొడుకు చదువైపోయి ఖాళీగా ఉన్నాడని, ఉద్యోగం కోసం ప్రార్థించమంది. నేను నోరు తెరవకముందే అత్తమ్మ అంది, "మా కోడలు ఉపాసం ఉంటది, ఫికర్ చేయకు."

ఇంటికి వచ్చాక వంటింట్లో అత్తమ్మకు అన్నీ చెప్పాను. షుగర్ సంగతి, డాక్టరమ్మ చీటీ, మూసిన తలుపు. ఆమె స్టూలు మీద కూర్చుని విన్నది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నువ్వు దేని కోసం ఉన్నవో దేవునికి తెలుసు. పిల్ల అయితే పుట్టింది గద" అంది. "నీకు పడకుంటే తిను బిడ్డా. ఆమె కొడుకు కోసమని మాట ఇచ్చిన. నేనే ఉంటా" అంది.

"మీరు మాత్రలు వేసుకుంటరు గదా అత్తమ్మా!"

"ఏం కాదు. ఇంతకు ముందు ఉండలేదా?"

మర్నాడు ఆమె నిజంగానే చాయ్ తాగలేదు. మాత్ర అలాగే అల్మారాలో ఉంది. నేను ఆ మాత్రా, కప్పూ తెచ్చి ఆమె ముందు పెట్టి, శుక్రవారాలు ఉపాసం నేనే ఉంటానన్నాను. ఆమె కప్పు అందుకుంది.

ఇప్పుడు మిగతా రోజుల్లో పొద్దున తింటాను, రాత్రి భోజనం తొందరగా ముగిస్తాను. షుగర్ పెరగలేదు. శుక్రవారం మాత్రం ఆడవాళ్లు వస్తారు, చాప పరుస్తాను. ఆ విధవరాలు నా పక్కనే కూర్చుంటుంది. ఆమె కొడుక్కి ఇంకా ఉద్యోగం రాలేదు.