శుక్రవారం గడపలు

శుక్రవారం వస్తే ఆ అక్క చేతులు పసుపుపచ్చగా ఉండేవి. పురసవాక్కం పేటలో ఒక ట్రస్టువాళ్ల అంగడి నడిపేది. ఇళ్లు కూల్చేవాళ్లు ఊరికే ఇచ్చిన తలుపులు, కిటికీలు, గడపలు లాభం చూసుకోకుండా చౌకగా అమ్మేది. గోడకు ఆనించిన ఆ గడపలన్నిటికీ ప్రతి శుక్రవారం పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టేది. బేరానికి వచ్చినవాళ్లు ఎదురుగా నిలబడి ఉన్నా, ఆ పని అయ్యాకే మాట. అమ్మే సరుక్కి ఈ పూజేమిటో అని నాకు చోద్యంగా ఉండేది.

మేం కట్టుకుంటున్న ఇంటి పని అప్పుడు గడప దగ్గరే ఆగిపోయింది. కొత్త టేకు కొనే స్తోమత లేదు. పాత గడపంటే మా అత్త ససేమిరా అంది. బతిమాలి, ఒక శుక్రవారం ఆమెను ఆ అంగడికి తీసుకెళ్లాను.

"ఇది ఎవురింటిదో, ఆ ఇంట్లో ఏం జరిగిందో!" అంది అత్త, అక్క పసుపు రాస్తున్న గడపను చూపిస్తూ, అందరి ముందే. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్క చెయ్యి ఆపలేదు. "నాకూ తెలీదుమా. ఈడికొచ్చినాక మాత్రం ఒక్క శుక్రవారం కూడా బోసిగా ఉండలేదు."

అత్త చాలాసేపు ఆ గడపనే చూసింది. తర్వాత వంగి, "ఈ మూల వదిలేసినావే," అంటూ పసుపు గిన్నెలో వేళ్లు ముంచింది. అమ్మయ్య అనుకున్నాను.

గడపను వ్యానులో పెట్టించాక, నేనూ ఎక్కుతూ దాని మీద కాలు పెట్టబోయాను. అక్క నోరు తెరిచేలోపే అత్త అరిచింది.

"తొక్కబాకే! మనింటి గడప."