అమ్రోలిలో ఏడు నిమిషాల ఎర్రకారు

సూరత్‌కు ఎందుకని అడిగిన వాళ్ళందరికీ ఒకే జవాబు చెప్పాను: కారు బాగుచేయడానికి. ముందు నవ్వారు, తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసి మళ్ళీ నవ్వారు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన మాట నిజమే. దొరికిన ఉద్యోగం మాత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కస్టమర్ కేర్ వాళ్ళ కాల్స్ విని మార్కులు వేయడం. ఇన్నేళ్ళలో నేను విప్పిన యంత్రం మా ఇంట్లో మిక్సీ ఒక్కటే. దాన్ని మళ్ళీ బిగించింది వేరేవాళ్ళు.

అయినా మా మేనమామ లక్ష్మీరాజం అమ్మకు ఫోన్ చేసి, "పోరన్ని తోలియ్యి, వాడు ఇంజనీర్ గదా" అన్నాడు. మామ ముప్పై ఏళ్ళు సూరత్ పక్కనున్న జోల్వాలో మరమగ్గాలు రిపేరు చేసిన మాస్టర్. షెడ్డు మూసేసిన రోజున సేఠ్, తాను పడుచుతనంలో నడిపిన ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తాళాలు మామ చేతిలో పెట్టాడు. అది వయసులో నాకంటే పెద్దది. నాలాగే, ఎవరో ఒకరు తోస్తే గానీ కదలదు. ఇప్పుడు మామ ఉండే అపార్ట్‌మెంట్ల చైర్మన్ గడువు పెట్టాడు. ఆదివారం సాయంత్రంలోగా ఆ కారు తాపీ నది వంతెన దాటి, స్టేషన్ దాకా పోయి, ఎవరూ నెట్టకుండా తిరిగి గేటులోకి రావాలి. రాకపోతే సోమవారం తుక్కువాళ్ళ టెంపో వస్తుంది.

గురువారం సాయంత్రం ఏడూ యాభైకి కదలాల్సిన రైలు ఎనిమిదీ పదికి వరంగల్ వదిలింది. ఎదుటి బెర్తులో జమ్మికుంట ఆయన. జోల్వాలోనే మగ్గాల మీద పని. నేను మామ పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"ఎర్రకారు రాజమా, ఎరుకే. నడువంగ సూడలేదు గని, నూకంగ సూసిన. ఒకసారి నేను గూడ నూకిన."

ఆయన మెల్లగా మాట్లాడినా పక్క పెట్టె దాకా వినిపిస్తుంది. "సాంచల కాడ చెవులతోని పనిలేదు తమ్మీ. పెదవులు సూసుడు, చేతులు సూసుడు" అని, సాంచలంటే మరమగ్గాలేనని చెప్పి, వాటి దగ్గరి సైగలు రెండు నేర్పాడు. పిడికిలి బిగిస్తే మగ్గం ఆగింది. అరచేయి అడ్డంగా అటూ ఇటూ ఆడిస్తే నడుస్తోంది. రెండు సైగలతో ఒక మనిషి ముప్పై ఏళ్ళు ఎలా గడుపుతాడని కాసేపు బాధపడి, చపాతీలు తిని పడుకున్నాను.

శుక్రవారం పొద్దున ఏడూ నలభైకి భుసావల్‌లో చాయ్. తర్వాత జల్‌గావ్. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట: జల్‌గావ్‌లో అరటిపళ్ళు కొనండి, వడలు వద్దు. కారణం అడగొద్దు. మధ్యాహ్నం రెండున్నరకు సూరత్ చేరి, షేర్ ఆటోలో తాపీ దాటి, మామ ఉండే అమ్రోలిలో దిగేసరికి మూడుంబావు.

పార్కింగులో ఎర్రకారు, దాని కింద నుంచి రెండు కాళ్ళు. పుష్పత్త నా సంచీ అందుకుంటూ, "గా కాళ్ళే మీ మామ. మొఖం అన్నం కాడ కనబడతది" అంది.

మగ్గాల మోతకు చెవులు పోయిన మామ బయటికొచ్చి, నా పెదవులు కనిపించేలా ఎదురుగా నిలబడ్డాడు. "ఏంది మామా దీని రోగం" అని అడిగాను.

"ఏడు నిమిషాలు రాజోలె నడుస్తది. తర్వాత పానం పోతది."

నడిపి చూపించాడు. ఇంజన్ దర్జాగానే మొదలైంది. సరిగ్గా ఏడో నిమిషంలో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మామ కంగారుపడలేదు. పెట్రోలు మీటరు పనిచేయదు కాబట్టి, వెనక్కి వెళ్ళి ట్యాంకు మూత తీసి, చీపురుపుల్ల ముంచి చూసి మూత పెట్టాడు. ముందుకొచ్చి బానెట్ ఎత్తి కార్బురేటర్ స్క్రూను పావు చుట్టు తిప్పాడు. తాళం తిప్పగానే స్టార్టయింది.

"సూసినవా, కథంత ఈ స్క్రూలనే ఉన్నది."

రెండు నెలలుగా ఆ స్క్రూను ఎటు ఎంత తిప్పిందీ నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మా కాలేజీలో కూడా ఇంత చక్కటి రికార్డు చూడలేదు.

శనివారం తొమ్మిదింటికి అత్త పెట్టిన జొన్నరొట్టెలు తిని పనిలో దిగాం. ప్లగ్గుల మసి గీకాం. పాయింట్లను గరుకు కాగితంతో రుద్దాం. పెట్రోలు ఫిల్టరు కొత్తది వేశాం. 'వేశాం' అంటే మామ వేశాడు. నేను టార్చి పట్టుకున్నాను, ఎక్కువసార్లు అవసరం లేనిచోట. మూడుసార్లు నడిపాం. మూడుసార్లూ ఏడు నిమిషాలే.

నాలుగింటికి చైర్మన్ మన్సుఖ్‌భాయ్ స్కూటరు ఆపాడు. "చలే తో గాడీ, నహీ తో భంగార్" అన్నాడు. నడిస్తే బండి, లేకుంటే తుక్కు. అలా అంటూనే ఖమణ్ పొట్లం మా చేతిలో పెట్టాడు. ఉరిశిక్షతో పాటు ఫలహారం ఇచ్చే ఊరిని నేను చూడటం ఇదే మొదలు.

ఆయన వెళ్ళాక మామతో అన్నాను: "పోనియ్యరాదు మామా. అంత అవసరమా?"

మామ చేతులు తుడుచుకున్నాడు. "సాంచలు బంద్ అయినంక నాకు ఏ సప్పుడు లేకుంట అయింది రా. అందరి నోళ్ళు కదులుతయి, అంతే. ఈ బండ్ల కూసుంటే నడుముకు వినబడతది. నడుస్తున్నది ఒకటున్నదని తెలుస్తది."

"నా మాట నడుముకు గూడ వినబడది" అంది అత్త వెనక నుంచి. అని, లోపలికి పోయి ఆయనకు చాయ్ తెచ్చింది.

నేను కారు వెనక నేలమీద కూర్చుని ఖమణ్ తింటున్నాను. మామ ఇంకోసారి నడిపాడు. ఏడో నిమిషంలో ఆగింది. అలవాటుగా వచ్చి ట్యాంకు మూత తిప్పాడు. నా చెవి పక్కనే సన్నగా 'స్స్' మంది, దమ్ము బిగబట్టినవాడు ఊపిరి లోపలికి పీల్చినట్టు. కాల్స్‌లో మాటల మధ్య ఊపిరి వినడమే నా ఉద్యోగం. మామకు అది ఎన్నడూ వినిపించే అవకాశం లేదు.

"మామా, స్క్రూ ముట్టకు. ఉత్తగ మూత పెట్టి స్టార్ట్ చెయ్యి."

స్టార్టయింది. ఏడు నిమిషాలకు ఆగింది. మూత తీస్తే మళ్ళీ 'స్స్'. ఈసారి మూత వదులుగా పెట్టి నడిపాం. ఏడు, ఎనిమిది, పదిహేను, ఇరవై. అత్త అనుమానంగా బయటికొచ్చింది. "ఏమైంది, ఇంక ఆగలేదేంది?"

మూతలో గాలి వెళ్ళడానికి చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు ఖర్చయినకొద్దీ ట్యాంకు అందులోంచి గాలి పీల్చుకోవాలి. మామ ఎప్పుడో ఆ రంధ్రం మీద పాలిస్టర్ గుడ్డ రెండు మడతలు పెట్టి, మైనం రాసి, దారంతో బిగించాడు. మగ్గాల షెడ్డులో నూలుపీచు గాలినిండా ఎగురుతుంది. నూనె పోసే ప్రతి రంధ్రానికీ మామ ఇలాగే గుడ్డ కట్టేవాడు. ఆయన మగ్గాలు ఆగకపోవడానికి అదే కారణం, ఈ కారు ఆగడానికీ అదే. మూత తీసినప్పుడల్లా ట్యాంకుకు ఊపిరి అందేది. పేరు స్క్రూకు వచ్చేది.

మామ ఆ ముడిని చాలాసేపు చూశాడు. "ముప్పై ఏండ్లు దుమ్ము పోకుంట కాపాడుడే నేర్సుకున్న. గాలి గూడ పోకుంట కాపాడిన" అన్నాడు.

ఏదైనా ఓదార్పు మాట చెప్పాల్సిన సమయం. "ఆ స్క్రూకు ఒక సారీ చెప్పు మామా" అన్నాను.

ముందు నా పెదవులు చదివాడు, తర్వాత నవ్వాడు. నోట్‌బుక్కు తెరిచి, రాసుకున్న చుట్లన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పి స్క్రూను మొదటి చోటికి తెచ్చాడు. గుడ్డ విప్పి, రంధ్రంలో సూది ఆడించాడు.

తిరుగు రైలుకు టికెట్ దొరకలేదు. ఆదివారం నాలుగింటికి స్టేషన్ దగ్గర నుంచి వరంగల్ బస్సు. "ఆటోల పో బిడ్డా, ఆయినను నమ్మకు" అంది అత్త. మూడుంబావుకు మామ పక్కన, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెనక స్కూటరు మీద సాక్షిగా మన్సుఖ్‌భాయ్.

ఏడో నిమిషం సరిగ్గా వంతెన నడిమధ్యలో వచ్చింది. మామ రోడ్డు వదిలేసి నా ముఖం చూస్తున్నాడు. నేను అరచేయి అడ్డంగా అటూ ఇటూ ఆడించాను. ఇంకో చేత్తో రోడ్డు చూపించాను. రెండూ అవసరమే.

స్టేషన్ దగ్గర దిగాక మామ ట్యాంకు మూత కొద్దిగా తిప్పి, "వినబడుతున్నదా?" అన్నాడు.

"ఏం వినబడుతలేదు."

"నాకు గూడ" అన్నాడు తృప్తిగా.

బస్సు నాలుగూ పదికి కదిలింది. కారుకు ఇంకా సగం దారి, తిరిగి గేటు దాకా, మిగిలే ఉంది. సూరత్‌లో చూడాల్సినవి చాలా ఉన్నాయంటారు. నేను ఒక పార్కింగు, ఒక వంతెన చూశాను. మళ్ళీ వెళ్ళినా ఆ రెండే చూస్తాను. బార్డోలి వచ్చేదాకా ఫోను చేతిలోనే పట్టుకున్నాను.

ఐదూ ఇరవైకి వీడియో కాల్. బస్సులో వేసిన సినిమా మోతకు ఒక్క మాట వినిపించలేదు. తెర మీద అపార్ట్‌మెంటు గేటు. గేటు లోపల ఎర్రకారు. డ్రైవరు సీట్లో, హెల్మెట్ తీయకుండా, మన్సుఖ్‌భాయ్. చూడనట్టు చూస్తున్న అత్త. అందరి ముందు మామ అరచేయి, అడ్డంగా, అటూ ఇటూ.

నేనూ అరచేయి ఆడించాను. నేను టాటా చెబుతున్నాననుకుని, పక్క సీటాయన కూడా ఫోనువైపు మర్యాదగా చేయి ఊపాడు.