పీత లేని పీతకాళ్లు

మొన్న మా మనవరాలు మిడిల్ పాయింట్‌ బజార్లో కొత్తగా పెట్టిన కొట్టు నుంచి గడ్డకట్టిన ప్యాకెట్ ఒకటి తెచ్చి, అమ్మమ్మా ఇవి క్రాబ్ స్టిక్స్ అంట, టూరిస్టులు తెగ తింటున్నారంట, నూడుల్స్‌లో వేస్తాను చూడు అంటూ నా ముందు పెట్టింది. తెల్లగా, ఒక పక్క ఎర్రరంగుతో, వేలంత పొడుగున్న ఆ ముక్కల్ని చూడగానే నేను తుంచుతున్న చిక్కుడుకాయలు అలాగే వదిలేశాను. ఇలాంటివి ఒకప్పుడు మా చేతులతోనే చేశాం అంటే అది నమ్మలేదు. అయితే కూర్చుని రాసుకో అన్నాను. దానికి మాట్లాడడం వచ్చినంత బాగా తెలుగు రాయడం రాదు, తప్పులుంటే నా ఈడువాళ్లు సర్దుకుని చదువుకోండి.

పెళ్లయి, విశాఖపట్నంలో ఓడెక్కి ఈ దీవులకి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ఇల్లు బాంబూఫ్లాట్‌ అనే ఊళ్లో, జెట్టీకి దగ్గర్లో ఉండేది. మీ తాత పడవ మీద వేటకి పోతే రెండేసి రోజులు వచ్చేవాడు కాదు, ఇంట్లో నాకు తోడు ఆయన అక్కే. భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి, నేను వదినా అని పిలిచేదాన్ని. నాకు తల దువ్వింది ఆవిడే, ఎవర్ని భయ్యా అనాలో ఎవర్ని దీదీ అనాలో చెప్పి, కూరగాయల బేరం దగ్గర్నుంచి హిందీ అంతా నేర్పింది కూడా ఆవిడే. తను పనిచేసే చేపల షెడ్‌లో నన్నూ పెట్టించింది.

ఆ షెడ్ ఒక కంపెనీవాళ్లది. చేపని ముల్లు తీసి, రుబ్బి, వాసన పోయేదాకా కడిగి కడిగి, పిండీ గుడ్డు తెల్లసొనా కలిపి, ఆవిరి మీద పల్చగా రేకులా ఉడికించి, చుట్టి, రంగు పూసి కోసేవాళ్లం. అంతా పరాయి దేశాలకి వెళ్లే సరుకు, మేము నోట్లో వేసుకోకూడదు. మాకు ఆశ కూడా ఉండేది కాదు లెండి, చేపని చేప వాసన లేకుండా చేసి తినేవాళ్లెవరో అని నవ్వుకునేవాళ్లం. ఒకామె మందుల్లోకి అనేది, ఇంకొకామె పిల్లల ఆటబొమ్మలు అనేది. చివరికి సూపర్‌వైజరే చెప్పాడు, ఇది పీతకాలు అని. ఆ షెడ్ గుమ్మంలోకి ఒక్క పీత రావడం మేమెవరం చూడలేదు.

మొదటి సరుకు ఓడెక్కే ముందురోజు ఒక మాట వచ్చింది. మనవాళ్లలో కొత్త వలకి పడిన మొదటి చేప గంగమ్మకి పెట్టకుండా అమ్మరు కదా. టీ తాగుతూ వదినే కదిపింది.

"సముద్రంలో సేపే గదా. అమ్మకి సూపకుండా ఓడెక్కిత్తే ఏటి బాగుంటాది?"

"పీతని సెప్పి పెడితే ఊరుకుంటాదేటే? ఆయమ్మకి పీత తెలీదా?" అంది మాలో పెద్దావిడ.

"సేపనే సెప్పుదాం లేయే."

తెలుగువాళ్లం అయిదుగురం ఉండేవాళ్లం, అయిదుగురం ఒప్పుకున్నాం. సాయంత్రం వదిన తన బల్ల మీద నుంచి ఒక ముక్క తీసి, బాదం ఆకులో చుట్టి, నా చేతిలో పెట్టింది. కొత్త కోడలివి, నువ్వు పెడితేనే మంచిది అంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో, పెళ్లిలో కూడా నన్నెవరూ అంత పెద్దదాన్ని చెయ్యలేదు.

గేటు దగ్గర సంచి వెతికారు.

"దీదీ, ఏ క్యా హై?"

ఇదేంటి అని అడిగితే, ప్రసాదం కోసం అన్నాను. "ఎక్స్‌పోర్ట్ మాల్ కా ప్రసాద్?" విదేశాలకి పోయే సరుకుతో ప్రసాదమా అని గేటు మనిషి నవ్వి సూపర్‌వైజర్ని పిలిచాడు. ఎవరిచ్చారు అని ఆయన అడిగాడు. నేను చెప్పక్కర్లేదు అనుకున్నాను, వదిన నా వెనకే ఉంది, తనే చెబుతుంది అనుకున్నాను. ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"మాలూమ్ నహీ సాబ్. నయీ హై. ఖానే కా మన్ హువా హోగా."

నాకు తెలీదు, కొత్త పిల్ల, తినాలని మనసు పుట్టి ఉంటుంది అని. హిందీ నేర్పింది ఆవిడే కాబట్టి ప్రతి మాటా అర్థమైంది. మిగతా ముగ్గురూ చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ పూటే నన్ను పనిలోంచి తీసేశారు. పని పోతే పోయింది, బాంబూఫ్లాట్‌లో నన్ను తిండిదొంగ అన్నారు, అది పోలేదు. కుళాయి దగ్గర నేను బిందె పెడితే, అమ్మా మూతలు జాగ్రత్త అని నవ్వేవాళ్లు. మీ తాత వేట నుంచి వచ్చి, నిజమేనా అని ఒక్కసారి అడిగాడు. కాదన్నాను. వదిన అక్కడే చేపలు తోముతూ తలెత్తలేదు. నెల తిరిగేసరికి ఆవిణ్ణి ఆ వరసకి మేస్త్రీని చేశారు.

ఆ రోజు నుంచి ఇంట్లో చేప వండితే నడుం ముక్క ముందు నా కంచంలోనే పడేది. ఆవిడ వడ్డించేది, నేను తినేదాన్ని. అదే ఆవిడ క్షమాపణ అనుకోరాదా అనేవాడు మీ తాత. నేను అనుకోలేదు. నోరుంది కదా ఆవిడకి, గేటు దగ్గర బాగానే పలికింది. పోయే ముందు పదిరోజులు మంచం మీద ఉంది, నేనే నీళ్లు తాగించాను, ఇప్పుడైనా అంటుందేమో అని ముఖం దగ్గరకి వంగేదాన్ని. గ్లాసు పక్కన పెట్టమని సైగ చేసేది, అంతే.

ఇప్పుడు అలాంటి షెడ్లలో తల మీద కెమెరాలుంటాయంట, ఎవరి చెయ్యి ఎటు కదిలిందో గదిలో కూర్చుని చూస్తారంట. అప్పట్లో మాకు ఒకరికొకరం తప్ప సాక్ష్యం ఉండేది కాదు, భుజాలు రాసుకుంటూ పనిచేసేవాళ్లం, అదే చాలనుకునేవాళ్లం. కెమెరా ఉంటే నీ పని నిలిచేదే, అమ్మమ్మా, అంటుంది మనవరాలు. నిలిచేదేమో. ఆ ముక్క నా చేతిలో పెట్టింది ఎవరో కెమెరా చెబితే నాకేం, ఆ మాట మా వదిన చెప్పాలి.