దేవుడు చూపించిన ఖాళీ

నేను రిటైర్ కావడానికి ఆరేళ్ల ముందు, కడప జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉన్నప్పుడు, ఒక జూన్ నెలలో ఉపాధ్యాయుల బదిలీల కౌన్సెలింగ్ నాకు అప్పగించారు. ఇప్పుడంతా కంప్యూటర్లో జరుగుతోంది గానీ, అప్పట్లో అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఖాళీలు బోర్డు మీద రాసి, సీనియారిటీ వరుసలో ఒక్కొక్కరినీ పిలిచేవాళ్లం. పిలిచినవారు రెండు నిమిషాల్లో ఊరు కోరుకొని రిజిస్టరులో సంతకం చేయాలి. సంతకం పడ్డాక బ్రహ్మదేవుడు దిగివచ్చినా మార్చే వీల్లేదు. నేను క్రైస్తవుణ్ణే, మా చర్చిలో సంఘపెద్దను కూడా. అయినా ఆఫీసులో అందరిలాగే ఈ మాట వాడేవాణ్ణి.

‘ప్రభువు నాకు ఫలానా ఊరు చూపించాడు’ అని మావాళ్లు చాలామంది నాతో అన్నారు. మిగతావారు ఎమ్మెల్యే సిఫారసు తెచ్చేవారు, మావాళ్లు ఇంకా పైనుంచి తెచ్చేవారు. నా సర్వీసు మొత్తంలో ప్రభువు బస్సు పోని ఊరిని ఎవరికైనా చూపించగా నేను వినలేదు.

మా సంఘంలోని మేరమ్మ గండికోట వైపు ఒక పల్లెలో టీచరు. భర్తకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు కడపలో డయాలసిస్ చేయించాలి, వెంట ఆమె తప్ప ఎవరూ లేరు. ఇలాంటి జబ్బున్న కుటుంబాలను జాబితాలో ముందు పిలిచే నియమం ఉంది గానీ, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ గడువు దాటాక ఆమె చేతికొచ్చింది. దాంతో మామూలు వరుసలోకి పోయింది. మా లెక్క ప్రకారం ఆమె వంతు దగ్గరికి వచ్చేసరికి కడపలో మిగిలేది ఒక్క ఖాళీ. ఆమెకు ఒక్క నంబరు ముందున్న దానియేలు కూడా మా సంఘంవాడే. కౌన్సెలింగ్‌కు ముందు ఆదివారం ఆరాధన అయ్యాక, కడప తనకు వదలమని నా ఎదుటే అతన్ని అడిగింది.

“నువ్వేం దిగులు పడొద్దక్కా. నేను ఎర్రగుంట్ల కోరుకుంటా. కడప నీకే” అన్నాడు. ఆమె భర్త అతని చేతులు పట్టుకొని ఏడ్చాడు.

కౌన్సెలింగ్ రోజు దానియేలును పిలిచాం. వచ్చి, కడప అన్నాడు. నేను వినపడనట్టు మళ్లీ అడిగాను.

“కడపేనన్నా. నేను ఎర్రగుంట్లే అనుకుంటి. పొద్దున ప్రార్థనలో ప్రభువు కడప చూపించినాడు. నా వాగ్దానం కార్డులో గూడా పట్టణం అనే ఉండాది.”

కొత్త సంవత్సరం ఆరాధనలో మేము బైబిలు వాక్యాలు అచ్చేసిన కార్డులు పళ్లెంలో పెడతాం. చూడకుండా తీసుకున్న కార్డు ఆ ఏటికి దేవుడిచ్చిన వాగ్దానం. ఎర్రగుంట్ల కూడా పట్టణమే కదా అన్నాను. అక్కడ సిమెంటు దుమ్ము శానా ఉంటుందని అతను చెప్పాడు. అతను కడపలో ఇల్లు కట్టుకుంటున్న సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ ఎత్తలేదు.

నాకు ఒళ్లు మండింది. రిజిస్టరులో చివరి గడి రిమార్కులది. అందులో ‘మేరమ్మకు ఇచ్చిన మాట కాదని, దేవుని ఆదేశం ప్రకారం కడప కోరుకున్నాను’ అని రాసి, సంతకం పెట్టమన్నాను. నియమాల్లో అలాంటిదేమీ లేదు, నేను చేసింది తప్పే. అతను చదివి పెన్ను కింద పెట్టాడు.

“ఇదేందన్నా, నన్ను ఇరికిస్తాండావు? రేపు ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? అది కొట్టెయ్.”

కొట్టేశాను. ఆ ఖాళీ కోరుకునే హక్కు అతనిది. సంతకం చేసి వెళ్లాడు.

తర్వాత మేరమ్మ వచ్చి బోర్డు చూసింది. “ఎర్రగుంట్ల రాయన్నా. ఆడనుంచి కడపకు బస్సులుంటాయి గదా” అంది, నాకే ధైర్యం చెబుతున్నట్టు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత మూడేళ్లు సెలవులూ పర్మిషన్లూ పెట్టుకుంటూ భర్తను ఆసుపత్రికి తిప్పింది.

కౌన్సెలింగ్ అయిన వారం ఆదివారమే దానియేలు చర్చిలో సాక్ష్యం చెప్పాడు. ప్రభువు తనను కడపకు ఎలా నడిపించాడో, కార్డుతో సహా వివరించాడు. మాట తప్పిన సంగతి ఒక్కటే చెప్పలేదు. ఆడవాళ్ల వైపు మేరమ్మ తల వంచుకొని కూర్చుంది. చివర్లో అందరూ ‘స్తోత్రం’ అన్నారు. ముందు వరుసలో ఉన్న నేనూ అన్నాను.

దేవుడు మాట్లాడడని నేను అనను. నాకు తెలిసిందల్లా, దేవుడు చెప్పాడంటే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు, అందుకే చాలామంది ఆ మాట అంటారు. ఆఫీసులో అడిగే అధికారం లేకపోయినా దానియేలును అడిగాను. చర్చిలో సంఘపెద్దగా అడిగే అధికారం ఉంది, అడగలేదు.